గాంధీగారి జమాఖర్చులు

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగు సంఘానికి నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారనేది మర్యాదకి అంటున్న మాట. ఆ రోజు మీటింగులో మిగతావాళ్ళంతా తల దించుకున్నారు, నేను దించుకోవడం కాస్త ఆలస్యమైంది, అంతే. మర్నాడు పాత కోశాధికారి గారు మా ఇంటికొచ్చి ఒక బూట్ల అట్టపెట్టె నా చేతిలో పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. అందులో ఉగాది హాలు అద్దె రశీదులు, కేటరింగు వాళ్ళ బిల్లులు, ఎవరు రాశారో తెలియని చిల్లర కాగితాలు. ఆయన చాలా మంచి మనిషి. ఒక్క డాలరు కూడా సొంతానికి వాడుకునే రకం కాదు. కానీ అంతకు ముందు సంవత్సరం మన వైపు ఒక పల్లెటూళ్ళో బడి గదుల కోసమని పోగుచేసిన చందాలో కొంత భాగం దీపావళి హాలు డిపాజిట్టుకి వెళ్ళిపోయిందని తెలుసుకోవడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది. ఎవరూ తినలేదు, ఎవరూ దాచుకోలేదు. అయినా ఇచ్చినవాళ్ళు ఒకందుకిచ్చారు, మనం ఇంకొకందుకు వాడాం.

ఆ తలనొప్పిలో ఉండగానే గాంధీగారి ఆత్మకథ మళ్ళీ చేతికి దొరికింది. చిన్నప్పుడు చదివినప్పుడు నాకు గుర్తుండిపోయినవి బంగారం ముక్క దొంగతనం, మాంసం తిన్న రాత్రి, రైల్లోంచి గెంటేసిన సంగతి. ఈసారి చదువుతుంటే పుస్తకం నిండా డబ్బు లెక్కలే కనబడ్డాయి. ఆలోచిస్తే వింతేమీ లేదు. మహాత్ముడు కాకముందు ఆయన పరాయి దేశంలో ఉన్న భారతీయుల సంఘానికి కార్యదర్శి. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. మనందరికీ తెలిసిన ఆ జీవితాన్నే ఈసారి పద్దుల పుస్తకం వైపు నుంచి చూద్దాం.

1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టిన మోహన్‌దాసుకి లెక్కలు రాసే అలవాటు లండనులో అబ్బింది. 1888లో బారిస్టరు చదువుకి వెళ్ళాడు. డబ్బు అన్నగారు పంపాలి, అన్నగారి దగ్గర ఎంతో లేదు. కొన్నాళ్ళు సూట్లు, టోపీలు, డాన్సు పాఠాలు, ఫిడేలు అంటూ తిరిగాడు. తరువాత బుద్ధి తెచ్చుకుని చిన్న గదిలోకి మారి, బస్సు ఎక్కడం మానేసి రోజుకి ఎనిమిది పది మైళ్ళు నడవడం మొదలుపెట్టాడు. బస్సు టిక్కెట్టు, తపాలా బిళ్ళ, దినపత్రిక, ఇలా ప్రతి పెన్నీ రాసేవాడు. రాత్రి పడుకునే ముందు రాసినదీ, జేబులో మిగిలినదీ సరిపోయాయో లేదో చూసుకునేవాడు. తరువాతి కాలంలో లక్షల రూపాయల ప్రజాధనం తన చేతుల మీదుగా నడిచినా ఏ ఉద్యమమూ అప్పుల పాలు కాకపోవడానికి ఈ అలవాటే కారణమని ఆయనే రాసుకున్నాడు. మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం లాగ్ ఫైలు విలువ తెలిసినవాళ్ళం. తప్పు జరిగాక వెతుక్కోవడానికి ఏదో ఒకటి రాసి ఉండాలి కదా!

ఆ లా చదువులోనే ఈక్విటీ మీద స్నెల్ రాసిన పుస్తకం చదివాడు. ఒకరి ఆస్తి ఇంకొకరి పేరున ఉంటే ఆ పేరున్నవాడు ఎలా నడుచుకోవాలి అనేది ఆ ఈక్విటీ న్యాయంలోనిదే. ట్రస్టు అన్న మాట అక్కడిది. కాస్త కష్టంగా ఉన్నా ఆసక్తిగానే ఉందనుకున్నాడు. దాని అర్థం ఒంటికి పట్టడానికి మాత్రం పదేళ్ళకు పైనే పట్టింది.

1893లో దాదా అబ్దుల్లా అనే గుజరాతీ వర్తకుడి కోర్టు వ్యవహారం మీద ఒక్క సంవత్సరానికని దక్షిణాఫ్రికా వెళ్ళాడు. పని అయిపోయింది. 1894లో వీడ్కోలు విందు జరుగుతుండగా భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లు వార్త ఆయన కంట పడింది. ఉండిపోమని అందరూ పట్టుబట్టారు, జీతం మేమిస్తామన్నారు. ఆయన కుదరదన్నాడు. ప్రజల పని చేసి ప్రజల చందాలోంచి డబ్బు తీసుకుంటే రేపు ఆ ప్రజల ముఖాన్నే నిజం చెప్పలేనని ఆయన భయం. కానీ బారిస్టరు కదా, బతకాలి, ఏడాదికి మూడు వందల పౌండ్లు లేనిదే ఇల్లు గడవదని లెక్క వేసుకున్నాడు. దారి కూడా తనే చెప్పాడు. ఇరవై మంది దాకా వర్తకులు తమ సొంత కోర్టు పనులకు ఆయన్ని ఏడాదికి వకీలుగా పెట్టుకుని ముందే ఫీజు ఇచ్చారు. దాదా అబ్దుల్లా వీడ్కోలుకి ఇద్దామనుకున్న సొమ్ముతో ఇంటికి సామాను కొనిపెట్టాడు. వకీలు పనికి డబ్బు, సంఘం పని ఉచితం. రెండు పద్దులు కలవలేదు. ఇవాళ ఇక్కడ ఏ సంఘానికైనా ప్రయోజనాల వైరుధ్యం గురించి ఒక విధానం రాసి పెట్టుకోమని లాయర్లు చెబుతుంటారు. ఆయన దాన్ని రాయకుండానే చేసి చూపించాడు.

ఆ ఆగస్టులో నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ పుట్టింది. చందా నెలకి కనీసం ఐదు షిల్లింగులు. నెల తిరిగేసరికి మూడు వందల మంది దాకా చేరారు. ఆ తరువాత కథ మనలో ఏ సంఘంలో పనిచేసినవాళ్ళకైనా తెలిసిందే. చేరేటప్పుడు ఉన్న ఉత్సాహం నెలనెలా చందా కట్టేటప్పుడు ఉండదు. డర్బను బయట ఉన్నవాళ్ళ ఇళ్ళకు మాటిమాటికీ తిరగలేక, నెల చందా తీసేసి ఏడాదికి మూడు పౌండ్లు ఒక్కసారే ముందుగా కట్టాలని మార్చారు. వసూలుకి కార్యదర్శే స్వయంగా ఊళ్ళు తిరిగాడు. ఒక ఊళ్ళో ఆతిథ్యం ఇచ్చినాయన దగ్గర ఆరు పౌండ్లు వస్తాయని వీళ్ళ అంచనా. ఆయన మూడుకి మించి ఇవ్వనన్నాడు. అక్కడ మూడుకి ఒప్పుకుంటే మిగతా ఊళ్ళలోనూ అంతే అవుతుంది. ఆకలి దంచేస్తున్నా వీళ్ళు భోజనానికి లేవలేదు. రాత్రంతా బతిమాలడం, ఆయన కాదనడం. తెల్లవారాక ఆరు పౌండ్లూ ఇచ్చి, కడుపునిండా అన్నం పెట్టి పంపాడు. ఆ ఇంటావిడ ఆ రాత్రి ఏమనుకుందో ఆత్మకథలో లేదు.

ప్రతి చందాకీ రశీదు ఉండేది, ప్రతి ఖర్చుకీ పద్దు ఉండేది. మొదటి ఏడాది తిరగగానే 1895లో ఆదాయ వ్యయాలతో నివేదిక రాశాడు. 1896లో ఇండియా వచ్చి దక్షిణాఫ్రికా పరిస్థితి గురించి ఊరూరా చెప్పి తిరిగి వెళ్ళినప్పుడు గుర్రబ్బండి కిరాయి, తంతి ఖర్చు, తపాలా బిళ్ళలతో సహా పట్టిక సంఘానికి అప్పజెప్పాడు. అడగకుండానే. సరైన లెక్కలు లేకుండా ఏ సంఘమూ నిజాయితీగా ఉండలేదన్నది ఆయనకు నమ్మకం. 1894 నాటి పుస్తకాలు ముప్పై ఏళ్ళ తరువాత కూడా సంఘం దగ్గర భద్రంగా ఉండే ఉంటాయని ధీమాగా రాశాడు.

ఇక్కడిదాకా చదివి నేను నా అట్టపెట్టె వైపు చూసుకుని సిగ్గుపడ్డాను. నన్ను అసలు ఆపిన సంగతి దీని తరువాత వచ్చేది.

కార్యదర్శిగా గాంధీగారికి ఒక కోరిక పుట్టింది. సంఘానికి శాశ్వత నిధి ఉండాలి, సొంత ఆస్తి ఉండాలి, అద్దెలతో పని నడవాలి, ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు. ఈ కోరిక లేని సంఘం మనకు ఒక్కటి కూడా కనబడదు. సొంత భవనం మీద కమిటీల్లో ఎన్ని గంటలు మాట్లాడుకుంటామో మీకు తెలుసు. తోటివాళ్ళంతా సరేనన్నారు. ఆస్తి కొన్నారు, అద్దెకిచ్చారు, అద్దె ఖర్చులకు సరిపోయేది. గట్టి ట్రస్టీలను వెతికి వాళ్ళ పేరున పెట్టారు. ఇంజనీరు కళ్ళతో చూస్తే డిజైనులో తప్పేమీ లేదు.

ఆయన దక్షిణాఫ్రికా వదిలి వచ్చాక ఆ ఆస్తి మీద లోపలివాళ్ళకే తగువు వచ్చింది. అద్దె సొమ్ము కోర్టులో జమ అవుతూ కూర్చుంది. ఏ కూలీల కోసం, ఏ వర్తకుల కోసం పోగుచేశారో వాళ్ళ చేతికి అందకుండా పోయింది. ఆ కూలీల్లో విశాఖ వైపు నుంచి, గంజాం వైపు నుంచి మద్రాసు రేవు మీదుగా గిరిమిటియాలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ వారసులే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

అయితే ఈ తగువు రాకముందే గాంధీగారి అభిప్రాయం మారిపోయింది. ప్రజల సంఘం ఏ ఏటికాయేడు ప్రజల చందాతోనే బతకాలని ఆయన తేల్చుకున్నాడు. చందా ఆగిపోయిందంటే ప్రజలకు ఆ సంఘం అక్కర్లేదని అర్థం. అప్పుడు మూసెయ్యాలి. బ్యాంకులో మూట ఉన్న సంఘానికి ఎవరి మాటా వినాల్సిన అవసరం లేదు, అదే దాని జబ్బు. ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. ఆరు నెలల ఖర్చుకి సరిపడా నిల్వ లేకపోతే ఒక్క వానాకాలానికే మూతబడే ఆసుపత్రులు, బడులు ఉంటాయి. విరాళాలు ఆగిన నెలలో పిల్లలకు అన్నం పెట్టడం మానెయ్యలేం. ఆయన కూడా అన్ని సంస్థలనూ ఒకే గాటన కట్టలేదు. శాశ్వత ఏర్పాటు లేనిదే నడవనివి కొన్ని ఉంటాయని, తను మాట్లాడేది రోజువారీ ఖర్చుల గురించని వివరించాడు. కానీ నిల్వ ఎంత ఉండాలి, ఎందుకు ఉండాలి అని ప్రతి ఏడూ ట్రస్టీలు కూర్చుని తమను తాము అడగాలన్న మాట మాత్రం కాదనలేం. మా కమిటీలో ఆ ప్రశ్న నేను వేసిన రోజున ఒకాయన నా వంక చాలా జాలిగా చూశారు.

1901లో ఆయన ఇండియాకి తిరిగి రావాలనుకున్నప్పుడు నాటాల్ భారతీయులు సన్మానాలు చేశారు. బంగారం, వెండి, వజ్రాలు కానుకలుగా వచ్చాయి. కస్తూరిబాకి యాభై గినీల బంగారు హారం ఇచ్చారు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు, గదిలో అటూ ఇటూ తిరిగాడు. కానుకలు ఇచ్చింది తనకే, కానీ ఇచ్చింది చేసిన సేవకి. సేవకి ధర తీసుకున్నట్టే కదా? తెల్లవారేలోగా ఆ నగలన్నిటితో సంఘం కోసం ఒక ట్రస్టు పెడుతూ, పారసీ రుస్తుంజీ మొదలైనవారిని ట్రస్టీలుగా వేస్తూ కాగితం రాసేశాడు. పిల్లల్ని ముందు తన వైపు తిప్పుకున్నాడు. తరువాత భార్య దగ్గరకు వెళ్ళాడు.

కస్తూరిబా ఊరుకోలేదు. నా నగలు ఎప్పుడో తీసేయించారు, ఇప్పుడు పిల్లల్ని కూడా సాధువుల్ని చేస్తారా, రేపొచ్చే కోడళ్ళకు ఏం పెడతాం అని నిలదీసింది. నాకు ఇచ్చిన హారం మీద మీకేం హక్కు అంది. మీ సేవకే ఇచ్చారంటారా, మీరు రాత్రింబవళ్ళు ఊరి పని చేస్తుంటే ఈ ఇంట్లో వచ్చేపోయే అందరికీ వండి పెట్టింది ఎవరు, అది సేవ కాదా అని అడిగి ఏడ్చింది. గాంధీగారు ఆ మాటలు సూదుల్లా గుచ్చుకున్నాయని ఒప్పుకున్నాడు, నగలు మాత్రం ఇచ్చేశాడు. ఈ వాదనలో నా ఓటు సగం కస్తూరిబాకే. సంఘాల్లో తిరిగే మగవాళ్ళం చాలామందిమి ఇంట్లోవాళ్ళ శ్రమని మన విరాళం కింద రాసుకుంటాం. అయితే ఆ నగలు బ్యాంకులో ట్రస్టు పేరున ఉండి, అవసరమైనప్పుడు ప్రజల పనికి అక్కరకొచ్చాయి. అదీ నిజమే.

మళ్ళీ దక్షిణాఫ్రికా వెళ్ళి జొహానెస్‌బర్గులో ప్రాక్టీసు పెట్టాక రోజూ పొద్దున్న పళ్ళు తోముకుంటూ గీతా శ్లోకాలు బట్టీ పట్టేవాడు. అపరిగ్రహం అన్న మాట దగ్గర ఆగిపోయాడు. భార్యాబిడ్డలు ఉన్నవాడు ఏదీ నాది కాదని ఎలా బతుకుతాడు? అప్పుడు లండనులో చదివిన ఈక్విటీ గుర్తుకొచ్చింది. ట్రస్టీ చేతిలో కోట్లు ఉండొచ్చు, అందులో ఒక్క పైసా కూడా తనది అనుకోడు. తాళాలు తన దగ్గరే, సొమ్ము మాత్రం వేరొకరిది. మన పల్లెల్లో గుడి పెద్దని ధర్మకర్త అంటాం. దేవుడి మాన్యం చూసుకునేవాడే గాని మాన్యం అతనిది కాదు. గీత, ఇంగ్లీషు చట్టం రెండూ ఒకే మాట చెబుతున్నాయని ఆయనకు తట్టింది. వెంటనే బొంబాయిలో ఒక అమెరికన్ ఏజెంటు మాటకారితనానికి లొంగి తీసుకున్న పది వేల రూపాయల జీవిత బీమా రద్దు చేసుకున్నాడు. ఇకమీదట మిగిలేదంతా ప్రజల పనికేనని అన్నగారికి ఉత్తరం రాశాడు. అన్నగారు చాలా కష్టపెట్టుకున్నారు. ఇన్సూరెన్సు రద్దు చేసుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వడం లేదు, మా ఆవిడ కూడా ఈ సావనీరు చదువుతుంది.

ఇంత తెలిసినవాడు కూడా తప్పు చేశాడు. నా దృష్టిలో ట్రస్టీలందరూ చదవాల్సిన పేజీలు ఇవే. జొహానెస్‌బర్గులో ఒక శాకాహార భోజనశాల నడుపుతున్న ఆవిడ పెద్ద ఎత్తున పెంచాలనుకుని గాంధీగారిని సాయం అడిగింది. ఆయన దగ్గర అంత సొమ్ము లేదు. కానీ కక్షిదారులు నమ్మకంతో ఆయన దగ్గర దాచుకున్న డబ్బు ఉంది. అందులో బద్రీ అనే ఆయనది పెద్ద మొత్తం. బద్రీ గిరిమిటియా కూలీగా వచ్చినవాడు. గాంధీగారు అతన్ని అడిగారు. మీ ఇష్టం భాయీ, నాకు మీరు తప్ప ఎవరూ తెలియదు అన్న ధోరణిలో అతను ఒప్పుకున్నాడు. వెయ్యి పౌండ్లు భోజనశాలకి వెళ్ళాయి. రెండు మూడు నెలల్లోనే ఆ డబ్బు తిరిగి రాదని తేలిపోయింది. బద్రీకి నష్టం రాకుండా ఆ వెయ్యి పౌండ్లూ గాంధీగారు తన జేబులోంచి కట్టుకున్నారు.

చట్టం ప్రకారం చూస్తే అనుమతి తీసుకున్నాడు, సొంతానికి వాడుకోలేదు, ఆశయం మంచిదే. అయినా అది తప్పేనని ఆయనే తీర్పు చెప్పుకున్నాడు. బద్రీ అనుమతి ఇచ్చింది వ్యాపారం బాగోగులు చూసి కాదు, గాంధీ మొహం చూసి. అడిగినవాడి మీద గౌరవంతో ఇచ్చే సమ్మతి సమ్మతి కిందికి రాదు. మరో కక్షిదారు స్నేహితుడు ఆయన్ని మెత్తగా మందలించాడు. ఇలా కక్షిదారుల డబ్బు మీ సంస్కరణలకు వాడుతూ పోతే ఒక రోజు మీరు బిచ్చమెత్తుకుంటారు, ప్రజల పని ఆగిపోతుంది అని హెచ్చరించాడు. ఆ మందలింపు ఆయన జీవితాంతం గుర్తుపెట్టుకున్నాడు. మన కమిటీల్లో పెద్దాయన ఏదంటే దానికి చేతులెత్తడం చూసినప్పుడల్లా నాకు బద్రీయే గుర్తొస్తాడు. ఆ బద్రీ తరువాత సత్యాగ్రహంలో చేరి జైలుకి కూడా వెళ్ళాడు.

సొంత మనుషుల విషయంలో ఆయన తాసు ఎప్పుడూ అవతలి వైపే మొగ్గేది. స్నేహితుడు డాక్టరు ప్రాణజీవన్ మెహతా గాంధీగారి కొడుకుల్లో ఒకరిని లండనులో చదివిస్తానన్నాడు. పెద్ద కొడుకు హరిలాల్ అప్పటికే ఉద్యమంలో పలుమార్లు జైలుకి వెళ్ళివచ్చినవాడు, చదువుకోవాలని తపించిపోతున్నవాడు. గాంధీగారు ఆ అవకాశం ఫీనిక్సులో పనిచేస్తున్న ఒక బంధువుకి ఇచ్చారు. అతను ఆరోగ్యం బాగాలేక తిరిగి వచ్చేస్తే, తరువాత సొరాబ్జీ అడాజానియా అనే పారసీ యువకుణ్ణి పంపారు. హరిలాల్ 1911లో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తండ్రీ కొడుకుల మధ్య గాయం మానలేదు. పక్షపాతం చూపకూడదన్న సూత్రాన్ని ఇంత దూరం లాగాలా? నా వరకు నాకు, అర్హత ఉన్నవాణ్ణి కొడుకైనందుకే పక్కన పెట్టడం కూడా ఒక పక్షపాతమే అనిపిస్తుంది.

డర్బను దగ్గర ఫీనిక్సులో 1904లో వెయ్యి పౌండ్లకు కొన్న వంద ఎకరాల స్థలాన్ని, అక్కడి అచ్చుయంత్రాన్ని, ఇండియన్ ఒపీనియన్ పత్రికని కూడా ఆయన తన పేరున ఉంచుకోలేదు. 1912లో ట్రస్టు దస్తావేజు రాసి రుస్తుంజీ, కాలెన్‌బాక్, మెహతా తదితరులకు అప్పగించాడు. దేశం వదలడానికి రెండేళ్ళ ముందే ఈ పని చేశాడు. వెళ్ళిపోయే రోజున హడావిడిగా కాదు.

1915లో అహమ్మదాబాదు దగ్గర ఆశ్రమం పెట్టాడు. కొద్ది నెలలకే దూదాభాయి అనే అంటరాని కుటుంబం వచ్చి చేరింది. విరాళాలు ఆగిపోయాయి. వచ్చే నెలకి డబ్బు లేదని మగన్‌లాల్ చెప్పాడు. అయితే అంటరానివాళ్ళ పేటకే మారిపోదాం అన్నాడు గాంధీ. శాశ్వత నిధి వద్దని చెప్పినవాడికి పరీక్ష ఇదే. ఒకరోజు పొద్దున్న ఒక సేఠు కారులో వచ్చి, ఆశ్రమంలో అడుగు కూడా పెట్టకుండా, పదమూడు వేల రూపాయల నోట్లు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఏడాదికి సరిపోయే సొమ్ము. ఆ సేఠు రాకపోతే ఏమయ్యేదో మనం ఊహించుకోవాల్సిందే.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అనగానే మనకు పింగళి వెంకయ్యగారు, జెండా గుర్తొస్తాయి. ఆ సమావేశంలోనే జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించారు. గడువులోగా కోటి రూపాయలు దాటింది. జమ్నాలాల్ బజాజ్ ప్రాక్టీసు వదిలేసిన వకీళ్ళ కుటుంబాల కోసమని ప్రత్యేకంగా లక్ష ఇచ్చాడు. ఫలానా పనికి అని ఇచ్చిన డబ్బు ఫలానా పనికే వెళ్ళాలన్నది గాంధీగారి పట్టు. కోటి రూపాయలన్నాక విమర్శలు రాకుండా ఉండవు, వచ్చాయి. వాటికి ఆయన ఇచ్చిన జవాబు లెక్కలు ఆడిటు చేయించి జనం ముందు పెట్టండన్నదే.

1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశంలో ఆరు వారాలు తిరిగాడు. ఊరూరా సన్మాన పత్రాలు, వెండి పెట్టెలు. వాటిని ఆ సభలోనే వేలం వేసేవాడు, పూలదండల ఖర్చు నిధికి ఇస్తే బాగుండేది కదా అని మందలించేవాడు. మన ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు.

సరిగ్గా ఆ పర్యటన మొదలవుతున్న రోజుల్లోనే, ఏప్రిల్లో, నవజీవన్ పత్రికలో ఆయన తన ఇంటి పద్దు విప్పాడు. ఆశ్రమంలో నమ్మకంగా ఉన్న దగ్గరి బంధువు చిన్న చిన్న మొత్తాలు తీసుకుంటూ దొరికిపోయాడని రాశాడు. అక్కడితో ఆగలేదు. కస్తూరిబాకి వాళ్ళూ వీళ్ళూ కానుకగా ఇచ్చిన వందో రెండు వందలో ఆవిడ దాచుకున్న సంగతి, ఆ మధ్య ఆశ్రమంలో దొంగలు పడినప్పుడు బయటపడిందని, ఆవిడ పశ్చాత్తాపపడి కూడా మళ్ళీ ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలు ఆఫీసులో జమ చెయ్యలేదని అచ్చువేశాడు. నాలుగు రూపాయలు! దేశమంతా తల్లిగా చూసే మనిషిని నాలుగు రూపాయలకు పత్రికకెక్కించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆవిడ వైపు మాట ఆ పత్రికలో లేదు. కానీ ఆ వారం ఆంధ్రలో గాజులు ఇస్తున్న ఆడవాళ్ళను తలుచుకుంటే ఆయన ఎందుకు రాశాడో కూడా అర్థమవుతుంది. వాళ్ళ గాజులకు, తన ఇంటి నాలుగు రూపాయలకు ఒకటే కొలత అని ఆయన చెప్పదలచుకున్నాడు.

1933లో సబర్మతి ఆశ్రమాన్ని ప్రభుత్వాన్ని తీసుకోమన్నాడు. వాళ్ళు తీసుకోకపోతే హరిజన సేవక సంఘానికి ఇచ్చేశాడు. ఆ తరువాత హరిజన నిధి కోసం దేశమంతా తిరిగాడు, సంతకం కావాలంటే ఐదు రూపాయలన్నాడు. 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా నిర్బంధంలో చనిపోయింది. ఆవిడ పేరున పెట్టిన నిధికి ఆయన డెబ్భై ఐదో పుట్టినరోజు నాటికి డెబ్భై ఐదు లక్షలు అనుకుంటే అంతకు మించి వచ్చింది. ఆ ట్రస్టుకి ఆయనే అధ్యక్షుడయ్యాడు. పల్లెల్లో ఆడవాళ్ళకు, పిల్లలకు తప్ప ఇంకెందుకూ ఆ డబ్బు కదలకూడదన్నాడు. నాలుగు రూపాయల దగ్గర మొదలైన ఆ భార్యాభర్తల పద్దు ఇలా తేలింది.

ఆయన సొంతమని చెప్పుకోదగ్గది చివరికి ఒకటే మిగిలింది, రాతలు. ప్రపంచమంతా కొని చదివే ఆ పుస్తకాల హక్కుల్ని కూడా 1940లో వీలునామా రాసి, 1929లో తనే పెట్టిన నవజీవన్ ట్రస్టుకి అప్పగించాడు. పిల్లలకు ఏమీ ఉంచలేదు. 1948 జనవరి 30న ఆయన పోయాక, భారత చట్టం ప్రకారం అరవై ఏళ్ళు ఆ హక్కులు ట్రస్టు చేతిలో ఉండి, 2008 డిసెంబరు 31తో తీరిపోయాయి. పొడిగించమని అడగొచ్చు కదా అని అప్పట్లో చాలామంది అన్నారు. నవజీవన్ ట్రస్టీలు అడగలేదు.